చూడకుండా మందు వద్దు: గొంతు, సైనస్, మాట సమస్యలకు స్పెషలిస్టు దగ్గరికి వెళ్లే తీరు

నేను స్పీచ్ థెరపిస్టుని. నా గది ఈఎన్‌టీ డాక్టరు గది పక్కనే. గొంతు బొంగురుపోయినవాళ్లు, మాట ఆలస్యమైన పిల్లలు, పక్షవాతం తర్వాత మాట తడబడేవాళ్లు నా దగ్గరికి వస్తారు. చాలామంది చేతిలో ఒక మందుల కవరు ఉంటుంది. అందులో సగం వాడిన యాంటీబయాటిక్, గ్యాస్ మాత్రలు, ముక్కులో వేసే చుక్కలు. "మీ స్వరతంత్రుల్ని ఎవరైనా చూశారా?" అని అడిగితే, "టార్చిలైటు వేసి గొంతు చూశారండీ" అంటారు. నోరు తెరిచి టార్చి వేస్తే కనబడేది కొండనాలుక, టాన్సిల్స్ వరకే. కంపించి గొంతు పలికించే స్వరతంత్రులు ఉండేది స్వరపేటికలో, అది ఇంకా కింద, నాలుక మొదలుకి వెనక ఉంటుంది. అద్దమో కెమెరానో లేకుండా అది ఎవరికీ కనబడదు.

అందుకే నేను ఎవరికి సలహా చెప్పినా ఒక్కటే చెబుతాను. ముందు చూపించుకోండి, మందు సంగతి తర్వాత. గొంతుకైతే స్వరపేటికను చూడాలి, ముక్కుకైతే లోపల ఎండోస్కోపీ (కెమెరా ఉన్న సన్నటి గొట్టంతో చూడటం) చేయాలి, పిల్లల మాటకైతే ముందు వినికిడి పరీక్ష చేయాలి.

గొంతు పోతే ఎన్నాళ్లు ఆగొచ్చు

జలుబుతో పాటు గొంతు పోతే కంగారు పడక్కర్లేదు. వైరస్ వల్ల స్వరతంత్రులు వాస్తాయి, సాధారణంగా ఒకటి రెండు వారాల్లో వాపు దానంతటదే తగ్గుతుంది. వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు కాబట్టి దాని కోసం డాక్టరుని బలవంతం చేయకండి. నాలుగు వారాలు దాటినా గొంతు మామూలు కాకపోతే మాత్రం స్వరపేటికను చూపించుకోవాల్సిందే. అమెరికా ఈఎన్‌టీ డాక్టర్ల సంఘం 2018లో సవరించిన మార్గదర్శకాల్లోనూ ఈ నాలుగు వారాల గడువే ఉంది. స్వరపేటికను చూడకముందే అలవాటుగా స్టెరాయిడ్లు, ఎసిడిటీ మందులు రాయొద్దని కూడా అవి చెబుతాయి.

కొందరు ఆ నాలుగు వారాలు కూడా ఆగకూడదు. పొగ తాగేవాళ్లు, మెడలో గడ్డ తగులుతున్నవాళ్లు, ఉమ్మిలో రక్తం పడుతున్నవాళ్లు, మింగడం కష్టమవుతున్నవాళ్లు, కారణం లేకుండా బరువు తగ్గుతున్నవాళ్లు వెంటనే వెళ్లాలి. చెవిలో ఏ లోపమూ లేకపోయినా ఒక్క పక్కే చెవి నొప్పి వస్తుంటే అదీ ఈ జాబితాలోదే. గొంతుకీ చెవికీ కొన్ని నరాలు ఉమ్మడిగా ఉంటాయి, అందుకే లోపల గొంతులో ఉన్న జబ్బు చెవిలో నొప్పిగా తెలుస్తుంది. థైరాయిడ్, మెడ, ఛాతీ ఆపరేషన్ల తర్వాత గొంతు మారితే, లేదా వెంటిలేటర్ గొట్టం తీసిన తర్వాత మారితే సర్జన్‌కి ఆ మాట చెప్పి, ఈఎన్‌టీకి పంపమని అడగండి. టీచర్లు, గాయకులు, రోజంతా ఫోన్‌లో మాట్లాడే ఉద్యోగులు కూడా త్వరగా రావడం మంచిది. వాళ్లకి గొంతే జీతం.

ఊపిరి పీల్చేటప్పుడు కీచుమని శబ్దం వస్తూ, ఆయాసంగా ఉంటే అపాయింట్‌మెంట్ కోసం చూడకూడదు. నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి.

వెళ్లేముందు ఇంట్లో చేయాల్సిన పని

"గొంతు బాగాలేదు" అన్న మాటతో మాకు పెద్దగా ఏమీ తెలియదు. మీ ఫోన్‌లో ఉన్న రికార్డర్ మాకు చాలా చెబుతుంది. ఏదైనా ఒక పేరా ఎంచుకుని, అదే పేరాని కొన్ని రోజుల పాటు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి మామూలు గొంతుతో చదివి రికార్డు చేయండి. ఫోన్ ప్రతిసారీ అంతే దూరంలో ఉండాలి. పొద్దున శుభ్రంగా ఉండి సాయంత్రానికి అలిసిపోయే గొంతుది ఒక కథ, రోజంతా ఒకేలా గాలి పోతున్నట్టుండే గొంతుది మరో కథ. డాక్టరు గదిలోకి వచ్చాక చాలామంది గొంతు చిత్రంగా బాగుపడిపోతుంది కూడా. అప్పుడు ఆ రికార్డింగే సాక్ష్యం. గొంతు మారకముందు తీసిన పాత వీడియో ఒకటి ఉంటే అదీ తీసుకురండి.

కాగితం మీద ఇవి రాసుకోండి. మార్పు ఒక్కసారిగా వచ్చిందా, మెల్లమెల్లగా వచ్చిందా? అరిచిన తర్వాత, జలుబు తర్వాత, ఆపరేషన్ తర్వాత, లేదా ఏదైనా పెద్ద దిగులు తర్వాత మొదలైందా? పై శ్రుతి పోయిందా, కింది శ్రుతి పోయిందా? నవ్వినప్పుడూ దగ్గినప్పుడూ శబ్దం గట్టిగా వస్తోందా? ఈ చివరి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది గానీ, మాట అసలు పెగలనివాళ్లు గట్టిగా దగ్గగలుగుతున్నారంటే స్వరతంత్రులు దగ్గరికి చేరగలుగుతున్నాయని అర్థం. అక్కడితో మా ఆలోచన వేరే దారి పడుతుంది. వాడే మందులన్నీ రాయండి, ఆస్తమా ఇన్‌హేలర్‌తో సహా. స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వాడాక నోరు పుక్కిలించకపోతే గొంతు బొంగురుపోవచ్చు, గొంతులో ఫంగస్ కూడా చేరొచ్చు.

ఇంట్లో చేసుకోదగ్గ పరీక్ష ఒకటుంది. నిండా ఊపిరి తీసుకుని, హాయిగా ఉన్న శ్రుతిలో "ఆ" అని ఆగకుండా ఎంతసేపు అనగలరో చూడండి. మూడుసార్లు చేసి, ఎక్కువ వచ్చినదాన్ని రాసుకోండి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో చాలామందికి 15 నుంచి 25 సెకన్లు వస్తుంది. 10 కూడా దాటకపోతే గాలి ఎక్కడో లీకవుతోందనో, ఊపిరి చాలడం లేదనో అనుమానించాలి. జబ్బు పేరు దీన్నిబట్టి తేలదు. థెరపీ తర్వాత ఎంత మెరుగైందో కొలుచుకోవడానికి మాత్రం చాలా పనికొస్తుంది.

స్కోప్ అంటే భయం ఉన్నవాళ్లకి

చాలామందికి దీని గురించే టెన్షన్. స్వరపేటికను స్కోప్‌తో, అంటే కెమెరా గొట్టంతో, చూసే పద్ధతులు రెండు. నాలుకను గుడ్డతో పట్టుకుని నోట్లోంచి గట్టి గొట్టం పెట్టి చూడటం ఒకటి. మత్తు స్ప్రే కొట్టి, ముక్కులోంచి సన్నటి మెత్తటి గొట్టం పంపడం రెండోది. రెండూ కొద్ది నిమిషాల పనే, సూదీ కుట్లూ ఉండవు. నోట్లోంచి చూసినప్పుడు బొమ్మ బాగా స్పష్టంగా వస్తుంది గానీ, "ఈ" అని తప్ప ఏమీ అనలేరు. ముక్కులోంచి పెడితే మాట్లాడొచ్చు, పాడొచ్చు, మింగొచ్చు. పాడేటప్పుడే ఇబ్బంది వచ్చేవాళ్లు ఆ సంగతి ముందే చెప్పి, పాడుతుండగా చూడమని అడగాలి. ఓకరింత వస్తుందని భయపడేవాళ్లు కళ్లు తెరిచి, ఎదురుగా ఒకచోట చూస్తూ, కుక్కపిల్లలా చిన్న చిన్న ఊపిర్లు తీసుకోండి. కళ్లు మూసి బిగుసుకుంటేనే ఎక్కువ ఓకరింత వస్తుంది. రక్తం పలుచన చేసే మందులు వాడుతున్నా, మత్తు మందు పడకపోయినా ముందే చెప్పండి. మత్తు స్ప్రే కొట్టించుకున్నాక గొంతు మొద్దుబారడం పూర్తిగా తగ్గేదాకా తినకూడదు, తాగకూడదు. లేకపోతే పొలమారుతుంది.

స్ట్రోబోస్కోపీ (మెరిసే లైటుతో స్వరతంత్రుల్ని చూసే పరీక్ష) ఉందో లేదో అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడగండి. మాట్లాడేటప్పుడు మగవాళ్ల స్వరతంత్రులు సెకనుకి సుమారు వంద పైచిలుకు సార్లు, ఆడవాళ్లవి సుమారు 200 సార్లు కంపిస్తాయి. మామూలు లైటులో మనకి కనబడేది ఒక మసక మాత్రమే. స్ట్రోబ్ లైటు ఆ కంపనానికి కాస్త తేడాగా మెరుస్తుంది, దాంతో కదలిక నెమ్మదిగా జరుగుతున్నట్టు తెర మీద కనిపిస్తుంది. స్వరతంత్రి పైపొర ఎక్కడైనా బిగుసుకుపోయినా, మచ్చ కట్టినా దీంట్లోనే బయటపడుతుంది. వీడియో కాపీ అడిగి తీసుకోండి. రెండో అభిప్రాయానికి వెళ్తే మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టే పని తప్పుతుంది.

పక్కమాట ఒకటి. స్వరతంత్రులు పనిచేయడాన్ని అద్దంలో చూసి ప్రపంచానికి వివరించినవాడు డాక్టరు కాదు. మాన్యుయెల్ గార్సియా అనే సంగీతం మాస్టారు. 1854లో ఒక చిన్న అద్దం గొంతులో పెట్టుకుని, ఎండ వెలుగు దాని మీద పడేలా చేసి తన గొంతు తానే చూసుకున్నాడు. మరుసటి ఏడు లండన్ రాయల్ సొసైటీకి ఆ విషయం సమర్పించాడు. గాయకులు స్కోప్ అంటే వెనకాడినప్పుడు ఈ కథ చెబుతుంటాను. పనిచేస్తుంది.

తేలినదాన్నిబట్టి ఏం అడగాలి

నోడ్యూల్స్ (చిన్న కాయలు) అని తేలితే ఆపరేషన్‌కి తొందరపడొద్దు. రెండు స్వరతంత్రుల మీదా, ఎక్కువగా రాపిడి పడే చోట, పనిచేసే చేతికి కాయలు కాచినట్టు ఇవి కాస్తాయి. రాపిడి తగ్గిస్తే చాలామందిలో థెరపీతోనే తగ్గుముఖం పడతాయి. అరిచే అలవాటు మార్చకుండా కోయించుకుంటే మళ్లీ వస్తాయి. పాలిప్ (స్వరతంత్రి మీద పెరిగే మెత్తటి బుడిపె) వేరు. అది ఎక్కువగా ఒక పక్కే వస్తుంది, కొన్నిసార్లు ఒక్క అరుపుతోనే రక్తం గూడుకట్టి మొదలవుతుంది, చాలాసార్లు ఆపరేషన్ అవసరమవుతుంది. ఆపరేషన్ చేయించుకునేవాళ్లు రెండు ప్రశ్నలు అడగాలి. "తర్వాత ఎన్ని రోజులు మాట్లాడకూడదు?", "థెరపీ ఎప్పుడు మొదలుపెట్టాలి?" వీలైతే ఆపరేషన్‌కి ముందే థెరపిస్టుని ఒకసారి కలవండి. మాట్లాడకూడని రోజుల్లో పాఠం నేర్చుకోవడం కష్టం.

ఒక స్వరతంత్రి కదలడం లేదంటే, ఎందుకు కదలడం లేదో తెలిసేదాకా వదలకూడదు. ఎడమవైపు స్వరతంత్రికి వెళ్లే నరం ఛాతీలోకి దిగి, గుండె నుంచి వచ్చే పెద్ద ధమని కిందుగా చుట్టి మళ్లీ పైకి వస్తుంది. అందుకే స్కాన్ మెడ దగ్గర ఆపకుండా ఛాతీ దాకా తీస్తారు. గొంతుకి ఛాతీ స్కాన్ ఏంటని విసుక్కోకండి. కదలని తంత్రిని ఇంజెక్షన్‌తో లావు చేసి మధ్యకి జరపడం, లేదా మెడ ముందు నుంచి చిన్న ఇంప్లాంట్ అమర్చడం వంటి దారులు ఉన్నాయి. గొంతు, దాంతో పాటు మింగడం కూడా మెరుగవుతాయి.

మీసాలు వచ్చినా సన్నటి గొంతుతోనే మాట్లాడే అబ్బాయిల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. స్వరపేటిక ఎదిగి ఉంటుంది, దాన్ని వాడే తీరు మాత్రం పాతదే ఉండిపోతుంది. ఫోన్‌లో "అమ్మా, ఇంట్లో పెద్దవాళ్లున్నారా?" అని అవతలివాళ్లు అడుగుతుంటే ఏళ్ల తరబడి ఫోనెత్తడమే మానేసినవాళ్లు నాకు తెలుసు. స్వరపేటిక మామూలుగా ఉందని స్కోప్‌లో తేలితే, ఇది థెరపీకి బాగా లొంగే సమస్య. కొన్నిసార్లు మొదటి సెషన్‌లోనే అసలు గొంతు బయటికొస్తుంది. కొత్త గొంతుతో నలుగురిలోకి వెళ్లడమే వాళ్లకి అసలు కష్టం, అందుకే థెరపీలో ఎక్కువ సమయం దానికే పోతుంది.

"ఏమీ లేదు, అంతా బాగానే ఉంది" అని రిపోర్టు వచ్చి, గొంతు మాత్రం బాగాలేకపోతే ఊరుకోకండి. స్వరతంత్రులు బాగున్నా చుట్టూ ఉన్న కండరాలు బిగపట్టేయడం చాలా మామూలు విషయం. మాట మధ్యలో గొంతు తెగిపోతున్నట్టు, పట్టేసినట్టు వస్తుంటే స్పాస్మోడిక్ డిస్ఫోనియా కావచ్చు. దానికి కండరం బిగింపుని తగ్గించే బొటులినమ్ ఇంజెక్షన్ ఇస్తారు. కొన్ని నెలలకోసారి మళ్లీ తీసుకోవాలి.

థెరపీలో ఏం చేయిస్తాం

గొంతుకి వ్యాయామం అంటే గట్టిగా అరవడం అనుకుంటారు. మేం ఎక్కువగా చేయించేది దానికి ఉల్టా. గ్లాసులో నీళ్లు పోసి, స్ట్రా కొన నీళ్లలో ఒక అంగుళం మునిగేలా పట్టుకుని, పెదాలు స్ట్రా చుట్టూ మూసి, మెల్లగా "ఊ" అంటూ బుడగలు తెప్పించండి. పెదాల దగ్గర దారి ఇరుకవడంతో గాలి ఒత్తిడి కొంత వెనక్కి తన్ని, స్వరతంత్రులు గట్టిగా కొట్టుకోకుండా కంపిస్తాయి. బుగ్గలు, పెదాల దగ్గర చక్కిలిగిలిలాంటి కంపనం తెలియాలి. మెడలో నరాలు ఉబ్బుతుంటే బలం ఎక్కువైంది, తగ్గించండి. ఒకేసారి అరగంట చేయడం కన్నా, రెండేసి నిమిషాలు రోజులో చాలాసార్లు చేయడం మేలు.

గొంతు పోయినప్పుడు గుసగుసగా మాట్లాడితే మంచిదనుకుంటారు. చాలామందిలో గుసగుస బిగింపుని పెంచుతుంది. మెత్తగా, తక్కువగా, మామూలు గొంతుతోనే మాట్లాడండి. గొంతు సవరించుకోవాలనిపించిన ప్రతిసారీ ఒక గుక్క నీళ్లు తాగండి, లేదా ఉత్తగా మింగండి. కొన్ని వారాలు మనసుపెట్టి చేసినా మార్పు లేకపోతే థెరపిస్టుని మార్చేముందు మళ్లీ స్కోప్ చేయించండి.

సైనస్ అనుకునేవాళ్లకి

తలనొప్పి రాగానే "నాకు సైనస్ ఉంది" అనేవాళ్లు చాలామంది. నొప్పితో పాటు వెలుతురు భరించలేకపోవడం, వికారం ఉండి, చిక్కటి చీమిడి, ముక్కు దిబ్బడ పెద్దగా లేకపోతే అది చాలాసార్లు మైగ్రేన్. ముక్కు డాక్టర్ల చుట్టూ తిరిగినా తగ్గదు.

మామూలు జలుబు సైనస్‌లకి (ముక్కు చుట్టూ ఎముకల్లో ఉండే గాలి గదులకి) పాకినా మొదట్లో వైరస్సే కారణం. 10 రోజులైనా ఏమాత్రం తగ్గకపోతే, లేదా తగ్గుతున్నట్టే ఉండి మళ్లీ ముదిరితే అప్పుడు బాక్టీరియాని అనుమానించాలి. ముక్కు దిబ్బడ, చీమిడి, మొహం బరువు, వాసన తెలియకపోవడం లాంటివి 12 వారాలు దాటితే దీర్ఘకాలిక సైనసైటిస్ (సైనస్‌ల వాపు) ఏమో చూస్తారు. లక్షణాలు ఒక్కటే చాలవు, ఎండోస్కోపీలోనో సీటీ స్కాన్‌లోనో ఆధారం కనబడాలి. మామూలు ఎక్స్‌రే దీనికి పెద్దగా పనికిరాదు. ఒక్క పక్కే దుర్వాసనతో కారుతుంటే పంటి డాక్టరుకి కూడా చూపించండి. పై దవడ పళ్ల వేళ్లు సైనస్ నేలకి ఆనుకునే ఉంటాయి. ఒక్క పక్కే దిబ్బడ ఉండి రక్తం కనబడితే ఆలస్యం చేయకుండా ఎండోస్కోపీ చేయించుకోవాలి.

దిబ్బడ తగ్గించే చుక్కలు మూడు నుంచి ఐదు రోజులు మించి వాడితే, మానేసిన వెంటనే ముక్కు ఇంకా ఎక్కువ బిగుస్తుంది. స్టెరాయిడ్ స్ప్రే వేరు, అది రోజూ వాడాలి, ఫలితం కొన్ని వారాలకి గానీ పూర్తిగా తెలియదు. తల కాస్త ముందుకి వంచి, కుడి ముక్కుకి ఎడమ చేత్తో, ఎడమ ముక్కుకి కుడి చేత్తో, చెవి వైపుకి గురిపెట్టి కొట్టండి. మధ్య గోడ మీద కొడితే రక్తం కారుతుంది. ఉప్పునీటితో ముక్కు కడుక్కునేవాళ్లు మరిగించి చల్లార్చిన నీళ్లో, డిస్టిల్డ్ వాటరో మాత్రమే వాడాలి. కుళాయి నీళ్లలో ఉండే అమీబా ముక్కు దారిన మెదడుకి చేరిన సందర్భాలు అరుదుగానైనా ఉన్నాయి.

కంటి చుట్టూ వాపు, ఒకటి రెండుగా కనబడటం, నుదుటి మీద వాపు, మెడ బిగుసుకుపోయి తీవ్రమైన తలనొప్పి... వీటిలో ఏది వచ్చినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. షుగర్ అదుపులో లేనివాళ్లకి ముక్కులో నల్లటి పొక్కులు కనబడితే గంటలు కూడా విలువైనవే.

మాట సంగతి

పిల్లలకి మాట ఆలస్యమైతే ముందు వినికిడి పరీక్ష. "పిలిస్తే చూస్తాడండీ, బాగానే వినిపిస్తుంది" అన్న మాట చాలదు. కొన్ని శ్రుతులే వినబడని పిల్లలు కూడా తలుపు చప్పుడుకి తిరిగి చూస్తారు. రెండేళ్లకి సుమారు 50 మాటలు, రెండు మాటలు కలిపి అనడం రావాలి. రాకపోతే "వాళ్ల నాన్నకీ ఆలస్యమే" అని ఆగకండి. నాలుక కింద తీగ కోయిస్తే మాటలొస్తాయన్న నమ్మకం బలంగా ఉంది. మాటలే రాకపోవడానికి అది కారణం కాదు.

కాకిని "తాతి" అనడం చిన్న వయసులో మామూలే. "ర" చాలా శబ్దాలకంటే ఆలస్యంగా పలుకుతుంది. నాలుగేళ్లొచ్చినా బయటివాళ్లకి మాట అర్థం కాకపోతే తీసుకురండి. ముక్కుతో మాట్లాడుతున్నట్టుంటే ఇంట్లోనే ఒకటి చూడొచ్చు. ముక్కు మూసి "తాత, పాప, కాకి" అనిపించండి. శబ్దం మారకూడదు. మారితే అంగిలి సరిగ్గా మూసుకోక గాలి ముక్కులోకి పోతోందేమో చూడాలి. అలా కాకుండా, ముక్కు మూయకుండానే "మామ"ని "బాబ" అన్నట్టు, "నాన్న"ని "దాద్ద" అన్నట్టు పలికితే ముక్కు వెనక ఎడినాయిడ్లు (టాన్సిల్స్ లాంటి కండ) అడ్డుపడుతున్నాయేమో. ఒకదానికి అంగిలిని చూడాలి, రెండోదానికి ముక్కు దారిని. రెండిటినీ ఒకే గాటన కట్టి ఆపరేషన్ చేయిస్తే మాట ఇంకా పాడవచ్చు.

నత్తి ఎక్కువగా రెండేళ్లకీ ఐదేళ్లకీ మధ్య మొదలవుతుంది, చాలామంది పిల్లల్లో పోతుంది కూడా. ఇంట్లో ఎవరికైనా ఉండి ఉంటే, ఆర్నెల్లు దాటినా తగ్గకపోతే, మాట కోసం పిల్లవాడు కళ్లు బిగించి అవస్థపడుతుంటే ఆగకండి. "నెమ్మదిగా చెప్పు", "ఊపిరి తీసుకో" అని మధ్యలో అనొద్దు. వాడు చెప్పేది పూర్తయ్యేదాకా వినండి, మీరు నెమ్మదిగా మాట్లాడండి.

పెద్దవాళ్లకి మాట ఉన్నట్టుండి ముద్దగా వచ్చినా, పదాలు దొరక్కపోయినా ఈఎన్‌టీకి గానీ నా దగ్గరికి గానీ రాకూడదు. అది పక్షవాతం కావచ్చు. ఆఖరిసారి మామూలుగా ఉన్న సమయం గుర్తుపెట్టుకుని నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. రక్తపు గడ్డని కరిగించే ఇంజెక్షన్‌ని సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇస్తారు. ఆసుపత్రిలో మింగే పరీక్ష అయ్యేదాకా నోట్లో ఏమీ పోయకండి, మంచినీళ్లు కూడా. నాకు కబురు చేయాల్సింది ఆ పరీక్ష దగ్గర నుంచే.